కింది సెట్టు లేచిపోతుంటే ఇంప్లాంట్లు ఎన్ని కావాలి?

ప్రశ్న: మా అమ్మగారికి 72 ఏళ్లు, షుగర్ ఉంది. పదేళ్లుగా కట్టుడు పళ్లే. పై సెట్టు బాగానే ఉంది కానీ, కిందిది నమిలేటప్పుడు లేచిపోతోంది. ఇంప్లాంట్లు పెట్టిస్తే గట్టివి నమలగలరా? ఎన్ని కావాలి?

జవాబు: పై సెట్టుకు అంగిలి మొత్తం ఆసరా. కిందిదానికి అది లేదు. ఒకవైపు నాలుక, మరోవైపు బుగ్గలు నెట్టేస్తుంటాయి. పైగా పళ్లు పోయాక పైదానికన్నా కింది దవడ ఎముకే బాగా అరుగుతుంది. పూర్తి సెట్లు వాడేవారి కొరుకు బలం సొంత పళ్లున్నవారిలో నాలుగో వంతో, ఐదో వంతో ఉంటుందంటే కారణం చాలావరకు ఇదే.

కిందికి రెండు ఇంప్లాంట్లు (దవడ ఎముకలో బిగించే టైటానియం స్క్రూలు) చాలు. పళ్లన్నీ పోయిన కింది దవడకు ముందుగా ఆలోచించాల్సిన చికిత్స ఇదేనని 2002లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో సమావేశమైన నిపుణులు చెప్పారు. కోరపళ్లు ఉండే చోట చెరొకటి పెడతారు. వెనక భాగం అరిగిపోయినా అక్కడ ఎముక సాధారణంగా మిగిలే ఉంటుంది. కింది పెదవికి స్పర్శనిచ్చే నరం కూడా అంతకంటే వెనకే బయటికొస్తుంది. టైటానియం స్క్రూ ఎముకతో కలిసిపోవడానికి రెండు మూడు నెలలు ఆగి, పైన బొడిపెలు బిగిస్తారు. సెట్టు లోపల వాటికి సరిపడే గుండీలు అమరుస్తారు. టిచ్ బటన్‌లా టక్కుమని పడుతుంది.

ఒక సంగతి మరవొద్దు. ఈ రెండూ సెట్టును పట్టి ఉంచుతాయే గానీ నమిలే బరువంతా మోయవు. దవడపళ్ల దగ్గర సెట్టు ఇంకా చిగురు మీదే ఆనుతుంది. వదులైన పాత సెట్టుకే గుండీలు వేయిస్తే, నమిలినప్పుడల్లా వెనకభాగం దిగబడి సెట్టు ఊగుతుంది. గుండీలు తొందరగా అరుగుతాయి, వాటి దగ్గర పలచబడ్డ సెట్టు విరుగుతుంది కూడా. కాబట్టి ముందు అడుగుభాగం రీలైన్ చేయించండి (అంటే చిగురుకు అతికేలా లోపల కొత్త పొర వేయించడం), లేదా కొత్త సెట్టు కట్టించండి.

నమలడం మాత్రం మళ్లీ నేర్చుకోవాలి. మెత్తనివాటికి అలవాటుపడ్డవారు సెట్టు గట్టిగా నిలిచాక కూడా అవే తింటుంటారు. చిన్న ముక్కలతో మొదలుపెట్టి, రెండు వైపులా నమలమనండి. ముందు పళ్లతో కొరకొద్దు. నెమ్మదిగా పచ్చి క్యారెట్, పప్పుగింజల దాకా వెళ్లవచ్చు.

షుగర్ అదుపులో ఉంటే వయసు అడ్డు కాదు. ముందుగా హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్ తెలిపే రక్త పరీక్ష) చేయించండి. ఎముకల బలానికి అలెండ్రోనేట్ లాంటి మందులో, జోలెడ్రోనిక్ యాసిడ్ ఇంజెక్షనో తీసుకుంటుంటే డాక్టరుకు తప్పక చెప్పండి, సొంతంగా మానేయించొద్దు.

ప్రశ్న: నాకు ఇలాగే రెండు ఇంప్లాంట్లు పెట్టారు. ఏడాదికే పట్టు సడలింది. ఇంప్లాంట్ ఊడుతున్నట్టా?

జవాబు: ఎక్కువగా అరిగేది గుండీలోని నైలాన్ ముక్క. దాన్ని కొద్ది నిమిషాల్లో మార్చేస్తారు, అది మామూలే. సెట్టు తీశాక బొడిపెను వేలితో కదిపి చూడండి. కదిలితే పై భాగం స్క్రూ వదులై ఉండొచ్చు, లేదా ఇంప్లాంటే కదులుతుండొచ్చు. చుట్టూ చిగురు ఎర్రబడినా, బ్రష్ తగిలితే రక్తం వచ్చినా వెంటనే చూపించండి. రాత్రి సెట్టు తీసేసి, బొడిపెల మొదళ్లను మెత్తని బ్రష్‌తో రెండు పూటలా తోమండి. సెట్టును పళ్లతో కొరికి బిగించకుండా, రెండు వేళ్లతో రెండు వైపులా సమానంగా నొక్కండి. వంకరగా దిగితే నైలాన్ ఒక పక్కే తెగిపోతుంది.