ఏళ్ల తరబడి విడవని రొంప

ప్రశ్న: మాది రావులపాలెం దగ్గర పల్లె. నాకు 34 ఏళ్లు. రెండేళ్లుగా పొద్దున్నే పక్క దులిపేసరికి వరసగా పదిహేను తుమ్ములు వస్తున్నాయి. ముక్కు నీళ్లలా కారుతుంది, కళ్లు దురద. జ్వరం రాదు. నూర్పుల రోజుల్లో మరీ ఎక్కువ. మూడు నెలలుగా మందుల షాపులో ఇచ్చిన చుక్కల మందు వేసుకుంటే తప్ప రాత్రి ఊపిరాడటం లేదు. సైనస్ ఆపరేషన్ చేయించుకోవాలా?
- ఒక పాఠకురాలు

జవాబు: ఆపరేషన్ మాట ఇప్పుడు తలపెట్టనక్కర్లేదు. మామూలు రొంప వారం పది రోజుల్లో పోతుంది. జ్వరం లేకుండా దురద, తుమ్ములతో ఏళ్ల తరబడి వేధించేది చాలావరకు అలర్జిక్ రైనైటిస్, అంటే ముక్కుకు వచ్చే అలర్జీ. అయితే మీ ముక్కు దిబ్బడలో కొంత ఆ చుక్కల మందు తెచ్చిపెట్టిందే అయి ఉండవచ్చు. జైలోమెటజొలిన్ వంటి ఆ మందులు ఐదు రోజులు దాటితే, ప్రభావం దిగిన ప్రతిసారీ ముక్కు పొర మునుపటికంటే వాచి, మళ్లీ మందే అడుగుతుంది. ముందు దానినుంచి బయటపడాలి.

అందుకు ఫ్లూటికసోన్ లేదా మొమెటసోన్ అనే స్టెరాయిడ్ ముక్కు స్ప్రేను డాక్టరు సలహాతో రోజూ వాడుతూ, చుక్కలను మొదట ఒక పక్క, తరువాత రెండో పక్క మానేయవచ్చు. స్టెరాయిడ్ అన్న పేరు విని భయపడకండి; మాత్రలతో పోలిస్తే ఒంటికి పట్టేది చాలా తక్కువ. తల కొద్దిగా వంచి, కుడి ముక్కులోకి ఎడమ చేత్తో, ఎడమ ముక్కులోకి కుడి చేత్తో, మొన చెవివైపుకు తిప్పి కొట్టాలి. నడిమి గోడకు కొడితే నెత్తురు వస్తుంది. ఒకటి రెండు రోజులు వాడి గుణం లేదని మానేస్తారు చాలామంది, నాకు బాధ కలిగించేది అదే; పూర్తి ఫలితానికి రెండు వారాలు పట్టవచ్చు. కనుక సార్వా, దాళ్వా కోతలకు రెండు వారాల ముందే మొదలుపెట్టండి. తుమ్ములకు సెట్రిజిన్ అనే అలర్జీ మాత్ర పనిచేస్తుంది కానీ దిబ్బడను అంతగా తీయదు.

పక్క దులిపినప్పుడే తుమ్ములు రావడం దుమ్ము పురుగులవైపు వేలు చూపుతోంది. గాలిలోని తేమనే పీల్చి బతికే ఈ కంటికి కనపడని జీవులకు మన డెల్టా పుట్టిల్లు. దుప్పట్లను ఎండలో వేస్తే తేమ పోతుంది, కానీ అలర్జీ తెచ్చే ఆ పురుగుల మలినాలు ఉతికితేనే పోతాయి. వారానికోసారి వేడి నీళ్లలో ఉతకండి. నూర్పిడి, ఊక దుమ్ము దగ్గర మాస్కు తప్పనిసరి.

కారణం తేల్చేందుకు చర్మ పరీక్ష ఉంది. ముంజేతిపై అలర్జీ కలిగించే పదార్థాల చుక్కలు వేసి సూదితో పైపైన గుచ్చి, 15-20 నిమిషాల్లో దద్దు చూస్తారు. దానికి వారం ముందే సెట్రిజిన్ ఆపాలి. రక్తంలో మొత్తం ఐజీఈ (అలర్జీలో పెరిగే ఒక యాంటీబాడీ) పెరగడం ఒక్కటే రుజువు కాదు, నులిపురుగులున్నా పెరుగుతుంది.

రాత్రిళ్లు ఛాతీలో పిల్లికూతలు వినిపిస్తే ఆస్తమా పరీక్ష చేయించుకోవాలి. ఒక పక్కే దిబ్బడ, నెత్తురు, దుర్వాసన ఉంటే మాత్రం ఆలస్యం చేయక ఈఎన్టీ డాక్టరుకు చూపించండి.