రాక్ ఎక్కడికీ పోలేదు, వెతికే చోటు మార్చండి
"కొత్త రాక్ ఒక్కటీ దొరకట్లేదు, పాత పింక్ ఫ్లాయిడ్‌తోనే సరిపెట్టుకోవాలా" అని అడిగారు కదా, అస్సలు అక్కర్లేదండీ. హిట్ చార్టుల్లో వెతికితే కనబడదు, అంతే. ముందు యూట్యూబ్‌లో సియాటిల్ రేడియో కేఈఎక్స్‌పీ ఛానల్ చూడండి, స్టూడియోలో బ్యాండ్ లైవ్‌గా వాయిస్తుంటే గిటార్ తీగ మీద వేలు జారిన చప్పుడు కూడా వినిపిస్తుంది. డబ్లిన్ బ్యాండ్ ఫాంటెయిన్స్ డీ.సీ., బ్రిస్టల్ బ్యాండ్ ఐడిల్స్ రెండూ అక్కడున్నాయి.

మన దేశంలోదే కావాలంటే ఢిల్లీ బ్యాండ్ బ్లడీవుడ్ 2022లో తెచ్చిన 'రక్షక్' ఆల్బమ్ వినండి, మెటల్ (బాగా గట్టిగా మోగే రాక్) గిటార్ల మధ్య ధోల్ దెబ్బ పడుతుంటే ఒళ్లు జలదరిస్తుంది, ఇప్పటి రాక్‌లో నాకు అంత ప్రాణమున్నది ఇంకోటి కనబడలేదు.

ఒక బ్యాండ్ నచ్చాక బ్యాండ్ల ఆల్బమ్‌లు నేరుగా కొనుక్కునే సైట్ బ్యాండ్‌క్యాంప్‌లో ఆ ఆల్బమ్ కొన్నవాళ్ల కలెక్షన్లు తిరగేయండి, స్ట్రీమింగ్ యాప్ చూపించే వాటికన్నా చాలా నయం.