జాబ్ కోసం కట్టిన 3 లక్షలు పోయాయి, వాటి కోసం ఇంకో అప్పు మాత్రం చెయ్యకండి

హనుమకొండ నుంచి ఒకాయన రాశారు. వయసు 29, పెళ్ళయింది, రెండేళ్ళ పాప ఉంది. హైదరాబాద్‌లో టెస్టింగ్ జాబ్ పోయింది, రెండు నెలలు తిరిగినా ఎక్కడా రాలేదు, మాదాపూర్‌లో ఒక కన్సల్టెన్సీ వాళ్ళు బ్యాక్‌డోర్‌లో పెద్ద కంపెనీలో పెట్టిస్తామంటే 3 లక్షలు కట్టేశారు. అందులో 1 లక్షా 20 వేలు లోన్ యాప్‌లో, లక్ష భార్య బంగారం పెట్టి, 80 వేలు తెలిసినాయన దగ్గర మూడు రూపాయల వడ్డీకి తెచ్చినవి. జాయినింగ్ రోజు వెళ్తే ఆఫర్ లెటర్ ఫేక్ అని గేటు దగ్గరే చెప్పారట, వెనక్కి వస్తే కన్సల్టెన్సీకి తాళం. ఇప్పుడు చిన్న కంపెనీలో 28 వేలకి చేరారు. ఈమధ్య ఎవరో ఫోన్ చేసి 25 వేలు కడితే సగం డబ్బు వెనక్కి ఇప్పిస్తామంటున్నారట, క్రెడిట్ కార్డు నుంచి తీసి కట్టనా అని అడిగారు.

వద్దండి, ఒక్క రూపాయి కూడా కట్టొద్దు. డబ్బు పోగొట్టుకున్నవాళ్ళ నంబర్లు పట్టుకుని మళ్ళీ వాళ్ళకే ఫోన్ చేయడం ఈ మోసంలో రెండో భాగం. డబ్బు వెనక్కి రావాలంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కాల్ చేయాలి, లేదా నేషనల్ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో కంప్లైంట్ ఇవ్వాలి, దానికి ఫీజు ఏమీ ఉండదు. వెంటనే చేసుంటే అవతలి ఖాతాలో డబ్బు ఆపే ఛాన్స్ ఎక్కువ ఉండేది, లేటయినా ఇవ్వండి, ఈ కొత్త నంబర్ కూడా అందులో రాయండి. బ్యాంకు మీద ఆశ పెట్టుకోకండి, మీరే పిన్ కొట్టి పంపారు కాబట్టి వాళ్ళు సాధారణంగా తిరిగి వేయరు.

మీ మెయిల్‌లో నన్ను ఎక్కువ భయపెట్టింది వేరే ఉంది. శాలరీ అకౌంట్ పేరుతో మీతో కొత్త ఖాతా తెరిపించి, ఏటీఎం కార్డు, సిమ్ ఆ కన్సల్టెన్సీ వాళ్ళే ఉంచుకున్నారని ఒక్క లైన్‌లో రాసి వదిలేశారు! ఇంకొకళ్ళని మోసం చేసిన డబ్బు ఆ ఖాతాలోంచి తిరుగుతుంది, రేపు పోలీసులు వచ్చేది ఖాతా ఎవరి పేరు మీద ఉంటే వాళ్ళ దగ్గరికే. రేపు పొద్దున్నే బ్రాంచికి వెళ్ళి రాతపూర్వకంగా ఇచ్చి ఆ ఖాతా ఆపించండి, అక్నాలెడ్జ్‌మెంట్ తీసుకోండి, పోలీస్ కంప్లైంట్‌లో కూడా ఈ విషయం రాయండి. మీరు వాళ్ళకిచ్చిన ఖాళీ చెక్కుకి స్టాప్ పేమెంట్ పెట్టండి. సంచార్ సాథీ అనే ప్రభుత్వ సైట్‌లో మీ పేరు మీద ఎన్ని సిమ్‌లున్నాయో చూసి మీవి కానివి రిపోర్ట్ చేయండి, ఆధార్ బయోమెట్రిక్ లాక్ చేయండి, పాన్ ఇచ్చారు కాబట్టి సిబిల్ రిపోర్ట్, అంటే మీ పేరు మీదున్న అప్పుల రికార్డు, తీసి మీకు తెలియని లోన్ ఏదైనా పడిందేమో ప్రతి రెండు మూడు నెలలకీ చూస్తుండండి. వాళ్ళు ఫేక్ ఎక్స్‌పీరియన్స్ లెటర్ కూడా ఇచ్చుంటే అది రెజ్యూమేలోంచి ఇప్పుడే తీసేయండి, పీఎఫ్ సర్వీస్ హిస్టరీ చూస్తే దొరికిపోతుంది, ఉన్న ఉద్యోగం కూడా పోతుంది.

ఇక అసలు విషయం, నేను ఈ మెయిల్‌కి జవాబు రాయడానికి కారణం ఇదే. మీరు తెలివి తక్కువై మోసపోలేదండి, చేతిలో డబ్బుల్లేక మోసపోయారు. ఇంటి ఖర్చు నెలకి 20 వేలంటున్నారు, ఆరు నెలల ఖర్చంటే 1 లక్షా 20 వేలు, మీరు యాప్‌లో తీసుకున్న అప్పు సరిగ్గా అంతే. ఆ డబ్బు మీ దగ్గర పక్కన ఉండుంటే మూడో నెల, నాలుగో నెల కూడా ఇంటర్వ్యూలకి తిరిగేవాళ్ళు, పాల డబ్బులకి కూడా కష్టమైన టైంలో ఎవడో గ్యారంటీ జాబ్ అంటే నమ్మాల్సి వచ్చేది కాదు. నాకొచ్చే ఇలాంటి మెయిల్స్‌లో చాలావాటిలో ఇదే వరస, ఉద్యోగం పోతుంది, సేవింగ్స్ ఉండవు, అప్పు చేసి జాబ్ కొంటారు. అసలు జీతం లేనప్పుడు మూడు రూపాయల వడ్డీకి, అంటే ఏడాదికి 36 శాతానికి, ఏ ధైర్యంతో తెచ్చారండి?

మీ లెక్క ఇది. మీ జీతం, మీ ఆవిడ ట్యూషన్ల 6 వేలు కలిపి 34 వేలు. ఇల్లు 20 వేలు, యాప్ ఈఎంఐ 6,500, ఆ 80 వేల అప్పు వడ్డీ 2,400, చీటీ 5 వేలు, మొత్తం 33,900. మిగిలేది వంద రూపాయలు, ఇందులో క్రెడిట్ కార్డు క్యాష్ ఎక్కడ తీరుస్తారు? చీటీ ఇంకో నాలుగు నెలలే ఉందన్నారు కాబట్టి తొందరపడి పాడుకోకండి, ఆఖరి దాకా ఆగితే కమీషన్ పోగా 95 వేలు వస్తాయి. అందులో ఆ 80 వేల అప్పు ఒకేసారి తీర్చేసి ప్రామిసరీ నోటు వెనక్కి తీసుకోండి. 10 వేలు బంగారం వడ్డీకి పక్కన పెట్టండి, రెన్యూవల్ టైంకి కట్టకపోతే వేలం నోటీసు వస్తుంది. మిగిలిన 5 వేలతో ఎమర్జెన్సీ ఫండ్ మొదలుపెట్టండి, అక్కణ్ణుంచి వడ్డీ, చీటీ రెండూ లేవు కాబట్టి నెలకి 7,500 మిగులుతుంది, అదంతా అందులోకే. పది నెలలకి 80 వేలు, ఈఎంఐతో కలిపి మూడు నెలల ఖర్చు వచ్చేస్తుంది. ఆ ఖాతాకి యూపీఐ లింక్ చేయకండి. మళ్ళీ కొత్త చీటీ, సిప్ (నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో కట్టడం), షేర్లు ఇవేవీ అప్పటిదాకా వద్దు. పాప ఉంది కాబట్టి టర్మ్ పాలసీ (మీకేమైనా అయితే ఇంటివాళ్ళకి డబ్బొచ్చే ఇన్సూరెన్స్) ఒక్కటి మాత్రం చూడండి.

బంగారం ముందు విడిపించమని ఇంట్లో అడుగుతారు, ఆవిడ బాధ న్యాయమైనదే, కానీ ఫండ్ లేకుండా విడిపిస్తే రేపు చిన్న జ్వరానికే మళ్ళీ అదే బంగారం బ్యాంకుకి వెళ్తుంది. ఈ లెక్క ఆవిడని పక్కన కూర్చోబెట్టుకుని చూపించండి, మూడు నెలల ఖర్చు చేరాక బంగారం సంగతి చూద్దాం, అప్పుడు లోన్ పేపర్లు పెట్టి రాయండి.