‘థీవ్స్ హైవే’ వేసేముందు

చిరంజీవికి ఆశీస్సులు.

మీ కాలేజీ ఫిల్మ్ క్లబ్‌లో 1949 నాటి హాలీవుడ్ సినిమా ‘థీవ్స్ హైవే’ వేస్తున్నామనీ, ముందుమాటగా ఏం చెప్పాలో రాయమనీ అడిగావు. చాలా సంతోషమమ్మా. నువార్ సినిమా, అంటే చీకటి నేరకథల సినిమా, లక్షణాల మీద ఉపన్యాసం మాత్రం వద్దు. దర్శకుడు జూల్స్ డాసిన్ అనీ, కాలిఫోర్నియాలోని ఫ్రెస్నోలో పెరిగిన రచయిత బెజరైడిస్ తన నవలకు తానే స్క్రీన్‌ప్లే రాశాడనీ చెప్పి లైట్లు ఆర్పించు.

ఒక్క మాట అదనంగా చెప్పు: డబ్బు ఎవరి చేతిలోంచి ఎవరి చేతిలోకి పోతోందో కనిపెట్టి చూడమను. ఊరి నుంచి వచ్చిన పిల్లలకు ఇది ఇట్టే అందుతుంది. యుద్ధం నుంచి ఇంటికొచ్చిన నిక్, తండ్రి కోసం తెచ్చిన చెప్పులు బయటికి తీస్తాడు. తండ్రికి కాళ్లు లేవు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఫిగ్లియా అనే వ్యాపారికి టమాటా లోడు వేసి, డబ్బు దక్కకుండా తిరిగొస్తూ లారీ ప్రమాదంలో పోగొట్టుకున్నాడు. పగ రగిలేది అక్కడే. అయితే ఆ ఫిగ్లియా ఎదుటికి వెళ్లడానికి కూడా నిక్ ఆపిల్స్ కొనాలి, నిద్ర మానుకుని లారీ తోలాలి. కూలి బతుకును వదలకుండా పగను నడిపించడమే ఈ సినిమా గొప్పతనమని నా నమ్మకం.

తోటలో బేరం దగ్గర అందరూ జాగ్రత్తగా చూడాలి. నిక్ భాగస్వామి ఎడ్, రైతుకు ఒప్పుకున్న ధరలో కోత పెట్టబోతాడు. నిక్ ఊరుకోడు. మోసం దళారీ దుకాణంలోనే పుట్టలేదని డాసిన్ ముందే చూపించాడు. తర్వాత ఎడ్ లారీ అదుపు తప్పి వాలులోకి పల్టీ కొట్టి తగలబడుతుంది, ఆపిల్స్ కొండ మీంచి దొర్లుతూనే ఉంటాయి. మనిషి చనిపోయిన చోట చెల్లాచెదురైన ఆ పండ్లను కూడా ఫిగ్లియా సరుకుగానే చూస్తాడు. నా మనసులో అంతకంటే క్రూరమైన ఘట్టం ఇందులో మరొకటి లేదు.

చివర్లో పోలీసులు నిక్‌కు బుద్ధి చెప్పే ముక్క డాసిన్‌ది కాదు, స్టూడియో అధిపతి జానక్ చేర్పించినది. ఆ సంగతి ముందే బయటపెట్టకు. సినిమా అయ్యాక, ఆ మాటలు మిగతా కథతో అతికాయా అని అడుగు. వాళ్లు వాదించుకున్నాక అసలు విషయం చెప్పు. డాసిన్ కమ్యూనిస్టు ముద్రతో హాలీవుడ్‌కు దూరమై, యూరప్‌లో సినిమాలు తీసుకోవలసి వచ్చిన సంగతీ అప్పుడే చెప్పు.

సబ్‌టైటిల్స్ తప్పకుండా పెట్టించు. మార్కెట్‌లో బేరాలు వేగంగా సాగుతాయి, పెట్టె ధర చెవిన పడకపోతే మోసం ఎక్కడ జరిగిందో తెలియదు.

మీ పెదనాన్న