గుండెలో నరాలా, కణుపులా?

సందేహం: ఒక పత్రికలో ‘గుండెలోని పర్కింజి నరాలు దెబ్బతిని’ అని చదివాను. మా అమ్మాయి ఇంటర్ జంతుశాస్త్రంలో ‘పర్కింజి తంతువులు’ అని ఉంది. పైగా ‘సిరాకర్ణికా కణుపు’, ‘కర్ణికాజఠరికా కణుపు’ అంటున్నారు. ఏది సరైన వాడుక? గుండెకు కణుపులేమిటి?
– ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, ముందు నరం సంగతి. 1839లో పర్కింజి అనే చెక్ శాస్త్రవేత్త గొర్రె గుండె లోపొర కింద జిగురుజిగురుగా ఉన్న బూడిదరంగు పోగులు చూశాడు. అవి నరాలు కావు, కండర కణాలే. మామూలు గుండె కండర కణం కంటే లావు. సూక్ష్మదర్శిని కింద నడిమి భాగం గ్లైకోజన్ అనే నిల్వ పిండిపదార్థం నిండి పాలిపోయినట్టుంటుంది, సంకోచానికి పనికొచ్చే సన్నపోగులు కొద్దిపాటివి అంచులకు ఒదిగి ఉంటాయి. ముడుచుకునే పని తగ్గించుకుని, విద్యుత్ ప్రేరణను సెకనుకు 2 నుంచి 4 మీటర్ల వేగంతో మోసే పనికి కుదురుకున్న కండరమన్న మాట. కాబట్టి తంతువు ఒప్పు, పోగు ఇంకా ఒప్పు.

‘నరంలేని నాలుక’ అన్నప్పుడు నరమంటే స్నాయువు. సూది గుచ్చబోయే నర్సు ‘నరం దొరకట్లేదు’ అంటే సిర. ‘నరాల డాక్టరు’ దగ్గర మరొకటి. ఇన్ని బరువులు మోస్తున్న మాట మీద గుండె కండరాన్ని కూడా వేయడం పత్రికలవారికి తగదు. శాస్త్రం రాసేటప్పుడు కాస్త చూసుకోవాలి.

ఇక కణుపు. ఇది మన ఇంటి మాట. తమిళంలో కణు, కన్నడంలో గణ్ణు. చెరకుకూ వెదురుకూ వేలికీ కణుపులుంటాయి. సంస్కృతంలో దీనికి సాటి మాట పర్వం. భారతంలోని పద్దెనిమిది పర్వాలూ పద్దెనిమిది కణుపులే! విరాటపర్వం నుంచి చివరిదాకా తిక్కన పదిహేను కణుపులు తెలుగు చేశాడని నా విద్యార్థులకు చెబితే నవ్వేవారు. కానీ మాటకు అసలు అర్థం అదే. పక్షాలు కలిసే చోటు గనుక పున్నమి, అమావాస్యలూ పర్వాలే. ఒకటి ముగిసి మరొకటి మొదలయ్యే అతుకు పర్వం. తాడును మెలిపెట్టి బిగిస్తే పడేది గ్రంథి, అంటే ముడి. గ్రంథం కూడా ఆ ధాతువు నుంచి వచ్చిందే. వెదురు కణుపును సంస్కృతంలో గ్రంథి అని కూడా అన్నారు గానీ, ఈ తేడా గుర్తుంచుకోదగ్గదే.

1906లో సునావో తవారా అనే జపాన్ వైద్యుడు జర్మనీలోని మార్బుర్గ్‌లో గుండెలను పలుచని పొరలుగా కోసి చూశాడు. ప్రేరణను జఠరికలకు చేర్చే పోగుల కట్టను 1893లో హిస్ అనే వైద్యుడు కనిపెట్టాడు; ఆ కట్టకు మొదట్లో, సన్నని కండరపోగులు ఒకదానిలో ఒకటి అల్లుకుపోయిన చిక్కు కనిపించింది. ఇప్పుడు కర్ణికాజఠరికా కణుపు అంటున్నది దాన్నే. దానికి ఆయన పెట్టిన జర్మన్ పేరుకు అర్థం ముడి. చూసినది చూసినట్టు పెట్టిన పేరు. మనవాళ్లు గ్రంథి అందామంటే ఆ మాట అప్పటికే స్రావాలు ఊరే అవయవానికి పోయింది. ముడి అనడానికి ఎందుకు వెనుకాడారో!

అయినా కర్ణికాజఠరికా కణుపును నేను తప్పుపట్టను. అక్కడి పోగులు సన్నవి, ఒకదాని నుంచి మరొకదానికి ప్రేరణ దాటే దారులు తక్కువ. ప్రేరణ అక్కడ సుమారు సెకనులో పదో వంతు ఆలస్యమవుతుంది. ఆలోగా పై గదులైన కర్ణికలు ముడుచుకుని రక్తాన్ని కింది గదులైన జఠరికల్లోకి నెడతాయి. పై గదులకూ కింది గదులకూ నడుమ ప్రేరణ నెమ్మదించే అతుకు గనుక కణుపు నప్పుతుంది.

సిరాకర్ణికా కణుపు విషయంలోనే నాకు పేచీ. 1907లో కీత్, ఫ్లాక్ అనే ఇద్దరు దాన్ని ఊర్ధ్వ మహాసిర (ఒంటి పైభాగం నుంచి రక్తం తెచ్చే పెద్ద సిర) కుడి కర్ణికలో కలిసే చోట గుర్తించారు. ఒక ధమని చుట్టూ, దట్టమైన సంయోజక కణజాలంలో చిక్కుకున్న చిన్నచిన్న కణాలు. ప్రేరణ పుట్టేదే అక్కడ, దానికి ముందు ఇంకేమీ లేదు. అది రెంటి నడుమ అతుకెలా అవుతుంది? నన్నడిగితే ముడి అనేవాణ్ణి. పిల్లలు పరీక్షలో మాత్రం పుస్తకంలో ఉన్నట్టు కణుపు అనే రాయాలి. మీ పత్రికవారికి ‘నరం’ మానమని ఒక కార్డు ముక్క రాయండి.