చెయ్యి మారితే చేపదు సార్

జీవితంలో కష్టమైన నిర్ణయాలు తామెలా తీసుకుంటున్నారో పిల్లలు వాళ్లంతట వాళ్లే ఆలోచించుకోవాలంటే టీచర్లు ఏం చేయాలని అడిగారు. పంతొమ్మిదేళ్లుగా జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెబుతున్నాను. నన్నడిగితే ముందు టీచరు తన సంగతి చెప్పాలి. అది చెప్పకుండా పిల్లల్ని గుచ్చి గుచ్చి అడిగితే పరీక్షకు రాసినట్టే రాస్తారు: "దేశసేవ చేయాలని", "అమ్మానాన్నల కల నెరవేర్చాలని".

నేను బీఈడీ ఎందుకు చేశానంటే, మా స్నేహితుడు రెండు అప్లికేషన్లు కొన్నాడు కాబట్టి. అంతే. వాడికి సీటు రాలేదు, నాకొచ్చింది. ఏటా జనవరిలో పదో తరగతికి ఇదే చెబుతాను. కాసేపు నవ్వుకుంటారు, తర్వాత ఒక్కొక్కరే నోరు విప్పుతారు.

ఈ తెలివి నాకు మొదటి నుంచీ లేదు. ఒక ట్రైనింగ్‌లో కాగితం మధ్యలో గీత గీసి ఇటు లాభాలు, అటు నష్టాలు రాయించమన్నారు. 1772లో అమెరికాకు చెందిన బెంజమిన్ ఫ్రాంక్లిన్ తన స్నేహితుడు, శాస్త్రవేత్త ప్రీస్ట్లీకి రాసిన ఉత్తరంలోని పద్ధతే ఇది. కాకపోతే ఆయన మూడు నాలుగు రోజులు ఆలోచిస్తూ, తోచినప్పుడల్లా రాసుకోమన్నాడు. మావాళ్లు పది నిమిషాలిచ్చారు, టీ వచ్చేలోపు అయిపోవాలని.

ఆ ఏడాదే మా బడిలో చదివిన ఒకమ్మాయికి నూజివీడు ట్రిపుల్ ఐటీలో సీటొచ్చింది. 2008లో ఆ క్యాంపస్‌లు పెట్టిన దగ్గర్నుంచీ పల్లెటూరి పిల్లలకు అంతకు మించిన వరం లేదని నా నమ్మకం. రెండేళ్లు పీయూసీ, అంటే ఇంటర్ లాంటిది, నాలుగేళ్లు బీటెక్, ఆరేళ్లూ హాస్టల్లోనే. ఈ పిల్ల మాత్రం వెళ్లనంది. వాళ్ల నాన్న వెంటబెట్టుకొచ్చి "మీరు చెప్తే వింటది సార్" అన్నాడు. స్టాఫ్ రూంలో కూర్చోబెట్టి, కొత్తగా నేర్చుకొచ్చిన గీత గీయించాను. ఎడమవైపు పదకొండు లైన్లు రాసింది. కుడివైపు ఒకే ఒక్క మాట: "గేదె."

నవ్వాను. మా లెక్కల మాస్టారూ నవ్వాడు. ఆ పిల్ల పెన్నుకు క్యాప్ పెట్టి లేచి నిలబడింది. "చెయ్యి మారితే చేపదు సార్" అంది. అలవాటైన చెయ్యి కాకపోతే గేదె పాలు దించదని. వాళ్లమ్మకు మణికట్టు విరిగినప్పటి నుంచీ రెండు పూటలా తనే పితుకుతోందట.

వారం తర్వాత టీసీ కోసం వచ్చి వరండాలో ఒక్కతే నిలబడి ఉంటే, ఈసారి ఎందుకని అడగలేదు. "వెళ్లకూడదని ఎప్పుడనిపించిందమ్మా? అప్పుడెక్కడున్నావ్?" అన్నాను. లిస్టు వచ్చిన రోజు సాయంత్రం, కొట్టంలో ఉందట. అమ్మ ఫోన్లో ఎవరితోనో "నెలాఖరుకి గేదెను అమ్మేస్తాం" అంటుంటే విందట. "నా చదువు కోసం దాన్ని అమ్మేస్తే ఆరేళ్లూ నేను ఒక్కసారి కూడా ఫెయిలవకూడదు కదా సార్" అంది. ఆ మాట అనేసి తనే ఉలిక్కిపడినట్టు ఆగిపోయింది. స్తంభానికి లేచిన సున్నం పెచ్చు గోటితో గీకుతూ చాలాసేపు నిలబడింది. నేను ఏమీ అనలేదు. ఆ పిల్ల విషయంలో నేను చేసిన మంచి పని అదొక్కటే.

అసలు ఆలోచించుకునే టైం పిల్లలకు ఎక్కడిస్తున్నారు? పదో తరగతి పరీక్షలు కాకముందే ప్రైవేటు కాలేజీల పీఆర్వోలు ఇళ్ల చుట్టూ తిరుగుతారు. పిల్లాడు ఎంపీసీయా, సీఈసీయా అని తేల్చుకునేలోపే తండ్రి అడ్వాన్సు కట్టేసి వస్తాడు. ఇక వాడు తన నిర్ణయం గురించి రాయడానికేముంది, రసీదు నంబరు తప్ప! వాట్సాప్‌లో సలహాలిచ్చే మేనమామలు సరేసరి.

మీరు చేయించదలిస్తే ముందు అయిపోయిన చిన్న సంగతితో మొదలుపెట్టండి: ట్యూషన్ మానేయడం, స్నేహితురాలితో మాటలు మానేయడం. అది ఏ పూట తేలిపోయింది, పక్కన ఎవరున్నారు, ఎవరికి చెప్పకుండా దాచారు అన్నవి రాయమనండి. మార్కులు వేయొద్దు. క్లాసులో చదివించొద్దు. ఒకాయన చదివించాడు, ఆ కుర్రాడు మూడు రోజులు బడికి రాలేదు. కాగితం ఎవరిది వాళ్లకే ఇచ్చేయండి.

ఆ అమ్మాయి నూజివీడు వెళ్లింది. గేదెను అమ్మలేదు. తమ్ముడు పితకడం నేర్చుకున్నాడు. అక్క పాత చున్నీ భుజాన వేసుకుని కూర్చుంటే తప్ప మొదటి నెలంతా అది చేపలేదట.