కొంబూచా (పులియబెట్టిన టీ) మీద కట్టే పొరకు ఎంజైమ్‌తో ఇంట్లో రంగు వేయొచ్చా?

వేయొచ్చు. నీళ్లు మాత్రం మరగనివ్వకండి. మేం దెబ్బతిన్నది అక్కడే.

మాది వరంగల్ కొత్తవాడ, దర్రీల (నేల మీద పరిచే నూలు తివాచీల) నూలుకు రంగులు వేసే ఇల్లు. పోయినేడు మా చెల్లె బిడ్డ కాలేజీ ప్రాజెక్టుకని, బట్టలా వాడే పొర పెంచాలని బ్లాక్ టీలో చక్కెర, పాత కొంబూచా కలిపి టబ్బులో పెట్టింది. మూడు వారాలకు వేలు మందాన పొర కట్టింది. అమ్మ మూత తీసి "గంజి మీద మీగడ లెక్కుంది, దీన్ని తొడుక్కుంటరా?" అంది. కాస్టిక్ సోడా నీళ్లలో ఉడికించి, కడిగి కడిగి టీ మరక పోగొట్టేసరికి లేత కొబ్బరిలా తేలింది.

దీనికి రంగు వేయడానికి ప్రాజెక్టులో రాసుకున్నది లాకేజ్. బూజుల్లో, పుట్టగొడుగుల్లో ఉండే ఎంజైమ్. గాలిలోని ఆక్సిజన్‌తో మొక్కల్లో ఉండే ఫినాల్ పదార్థాలను పొర పోగుల మధ్యే రంగుగా మారుస్తుంది. ధర చూసి వెనక్కి తగ్గాం. కోసిన వంకాయ నల్లబడేదీ అలాంటి ఇంకో ఎంజైమ్ వల్లే కదా అని పచ్చి వంకాయలు మిక్సీ పట్టి గుడ్డలో పిండి, ఆ రసంలో పొర వేశాం. అమ్మది నలభై ఏళ్ల చెయ్యి. "నీళ్లు మసలకుంటే రంగెట్ల పడ్తది బిడ్డా" అంటూ గంజెడు మసిలే నీళ్లు కుమ్మరించేసింది. రాత్రంతా ఉంచినా రంగు ముట్టీ ముట్టనట్టే. ఎంజైమ్ ఉడికి చచ్చింది మరి.

మర్నాడు కొత్త రసం, గోరువెచ్చని నీళ్లు. గంటలో గాలి తగిలిన అంచులు గోధుమ రంగుకు తిరిగాయి, అడుగు పాలిపోయే ఉంది. పావుగంటకోసారి తిప్పుతూ కూర్చున్నాం. సాయంత్రానికి బెల్లం రంగు! ఆరాక వేలు మందం కాస్తా కాగితమంత అయింది, దాంట్లో ఉన్నదంతా నీళ్లే.

ఎరుపు, నీలం అడక్కండి, వంకాయతో రావు. కానీ ఉప్పు అక్కర్లేదు చూడండి, నాకు అది చాలు. నూలుకు వేసే రియాక్టివ్ అనే రసాయన రంగుల్లో ముదురు షేడ్ కావాలంటే లీటరు నీళ్లకు 50 గ్రాముల పైనే ఉప్పు, ఆపైన సోడా. పట్టని రంగంతా కాలువపాలు. మా దర్రీలకు 2018లో జీఐ (ఫలానా ఊరి సరుకని చెప్పే) గుర్తింపు వచ్చింది, కాలువ మాత్రం ఇప్పటికీ రోజుకో రంగులో పారుతుంది. పదేళ్లలో కొత్తవాడలో ఉప్పు బస్తా కనపడదు, రాసిపెట్టుకోండి.

ఆ కాస్టిక్ నీళ్లు మేమూ అదే కాలువలో పారబోశాం. ప్రాజెక్టు రిపోర్టులో ఆ ముక్క రాయలేదు.